యశోదమ్మకు రొయ్యలు పడవు

యశోదమ్మకు రొయ్యలు పడవన్న సంగతి పులికాట్ సరస్సు ఒడ్డున ఉన్న వాళ్ళ జాలరి కుప్పంలో పసిపిల్లలకు కూడా తెలుసు. పెళ్ళి భోజనాల్లో రొయ్యల వేపుడు వడ్డించేవాళ్ళు ఆమె ఆకు దగ్గరికి రాగానే గరిటె పైకెత్తి దాటిపోయేవారు. ఎవరైనా మరిచిపోయి వంగారో, ఎదుటి బంతిలోంచి ఆమె మొగుడు చెంగయ్య కేక పెట్టేవాడు. "యోవ్, దానికి రొయ్య పడదప్పా! ఒళ్ళంతా దద్దుర్లొస్తాయి!" ఆ దద్దుర్లు ఆయన ఎప్పుడైనా కళ్ళతో చూశాడా అంటే, లేదు. పెళ్ళాం చెప్పింది, ఆయన నమ్మాడు. నమ్మి ఊరుకోకుండా ఊరంతా చాటాడు. చెంగయ్య చెవిన పడ్డ మాట సాయంత్రానికల్లా ఒడ్డు పొడుగునా తెలియాల్సిందే.

అసలు సంగతి ఏమిటంటే, యశోదమ్మకు రొయ్యలంటే ప్రాణం. పొద్దున లేచి రొయ్యలు ఒలిచి, గంపకెత్తి, సూళ్ళూరుపేట బజార్లో అమ్ముకునే మనిషి ఆమె. ఆ రొయ్య నోట పెట్టి మాత్రం ఏళ్ళు గడిచిపోయాయి. ఒకసారి వాయుగుండం పట్టినప్పుడు, ముఖద్వారం దాటి సముద్రంలోకి పోయిన చెంగయ్య పడవ తిరిగి రాలేదు. ఒడ్డున తడిసి ముద్దయి కూర్చుని ఆమె సూళ్ళూరుపేట అమ్మవారు చెంగాళమ్మకు మొక్కుకుంది. "మనిషిని ఒడ్డుకు చేర్చు తల్లీ, ఈ జన్మకు రొయ్య ముట్టను." అందరూ ఆశ వదులుకున్నాక ఆయన వచ్చాడు. మొక్కు బయటపెడితే చెల్లదనీ, ఎవరి కోసం మొక్కామో వాళ్ళకే చేటనీ ఆ కుప్పంలో గట్టి నమ్మకం. అందుకని యశోదమ్మ తన చెల్లెలు అమల జబ్బును అరువు తెచ్చుకుంది. అమలకు నిజంగానే రొయ్యలు పడవు. ఒక్కటి తిన్నా చాలు, పెదాలు వాచిపోతాయి, ఊపిరి అందదు. "నాకూ దాని మాదిరే" అని ఒక్క ముక్క చెప్పేసింది. అడిగేవాళ్ళ నోళ్ళు మూతపడ్డాయి.

ఈ చిన్న అబద్ధం తిరుపతి ఆసుపత్రిలో తన వెన్నుకే ఎసరు పెడుతుందని పాపం ఆమెకేం తెలుసు!

కాళ్ళు ముందు తిమ్మిరెక్కాయి. తర్వాత తడబడ్డాయి. పోయిన నెల నడిబజార్లో గంపతో సహా ఆమెను కింద పడేశాయి. లేపడానికొచ్చిన వాళ్ళను "నేను లేస్తాను, పోండి" అని కసిరిందిగానీ లేవలేకపోయింది. ఆ రోజు ఆమె ఏడ్చింది నొప్పికి కాదు, సిగ్గుకు. ఒకరి చేతి మీద బతకడం ఆమెకు తెలియదు, నేర్చుకునే ఉద్దేశం కూడా లేదు.

తిరుపతి ఆసుపత్రిలో వెన్నెముక ఆపరేషన్లు చేసే డాక్టర్ సుబ్రమణ్యం చూసి, వెన్నులో నరం నొక్కుకుపోతోందన్నాడు. ఆపరేషన్ చేయకపోతే కాళ్ళు పూర్తిగా పడిపోతాయన్నాడు. చేయాలంటే ఎక్కడ నొక్కుకుందో ఫోటోలో చూడాలి. ఎమ్మారై తీద్దామంటే, ఆమె గుండెకు ఎప్పుడో పెట్టిన మిషన్ పాత రకం, ఎమ్మారైలో ఉండే అయస్కాంతం దగ్గరికి పోకూడదు. ఇక మిగిలింది ఒకటే దారి. నడుము దగ్గర సూది గుచ్చి, వెన్ను చుట్టూ ఉండే నీటిలోకి మందు ఎక్కించి, అప్పుడు సీటీ తీయాలి. ఆ మందు ఉంటేనే నరాలు ఫోటోలో తేటగా కనిపిస్తాయి.

నర్సు ప్రశాంతి వివరాలు రాసుకుంటూ అడిగింది. "ఏమన్నా పడనివి ఉండాయా పెద్దమ్మా?"

యశోదమ్మ నోరు తెరిచేలోగా చెంగయ్య అందుకున్నాడు. "రొయ్యలు! రాసుకో తల్లీ, బాగా పెద్దగా రాసుకో. దానికి రొయ్యలు పడవు."

ప్రశాంతి ఎర్ర సిరాతో పెద్దగానే రాసింది. సాయంత్రం ఆమె మంచం దగ్గరికొచ్చి ఆ ఎర్ర అక్షరాలు చూసి డాక్టర్ సుబ్రమణ్యం కనుబొమలు ముడిచాడు. "రొయ్యలు పడవంటే అయోడిన్ పడదు. ఈ మందులో ఉండేది అయోడినే, వద్దు. గాడోలినియం అనే ఇంకో మందు వేసి తీద్దాం" అన్నాడు.

పక్కనే నిలబడి ఉన్న డాక్టర్ గుల్నాజ్ "వద్దు సార్" అంది.

గుల్నాజ్ స్కానింగ్ విభాగంలో కొత్తగా చేరిన డాక్టరు. చిత్తూరమ్మాయి. చూడటానికి చిన్నపిల్లలా ఉంటుందిగానీ, మాట మాత్రం కత్తిపీటే. రొయ్యకూ అయోడిన్‌కూ సంబంధం లేదని చెప్పింది. గాడోలినియం వెన్నులో వేసే మందు కాదని చెప్పింది. పెద్ద డాక్టరు ముఖం ఎర్రబడింది.

"నాకు పాఠాలు చెప్పొద్దమ్మా. గాడోలినియంతో నేను ఎంతమందికో చేసినాను. ఒక్కరికీ ఏమీ కాలేదు."

"కాకపోవడం వాళ్ళ అదృష్టం సార్. అది చూపించి ఇంకొకరికి గుచ్చలేం. నేనైతే గుచ్చను."

"నువ్వు గుచ్చకపోతే నేనే గుచ్చుతా. రేపు పొద్దున తయారుగా పెట్టండి" అని ఆయన విసవిసా వెళ్ళిపోయాడు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళన్నట్టు ఉంది ఆయన నడక కూడా.

యశోదమ్మకు అందులో సగం మాటలు అర్థం కాలేదు. అర్థమైంది ఒక్కటే. ఇద్దరు డాక్టర్లు తన వెన్ను మీద పోట్లాడుకుంటున్నారు, చిన్నదాని కళ్ళలో భయం ఉంది. ఆ భయం తన కోసమే. చెంగయ్యను టీ తెమ్మని పంపించి, గుల్నాజ్‌ను మంచం మీద కూర్చోబెట్టింది.

"నాకు తెలిసే మాదిరి చెప్పు డాక్టరమ్మా. ఏంది ఆ రెండు మందుల కత?"

గుల్నాజ్ చెప్పింది. "రొయ్య పడనోళ్ళకు పడనిది దాని మాంసంలో ఉండే ఒక ప్రోటీను పెద్దమ్మా, అయోడిన్ కాదు. అయోడిన్ మీరు కూరలో వేసే ఉప్పులో కూడా ఉండాది. అది లేకుండా మనిషి బతకడు."

"సరే. అయితే అయోడిన్ మందు మంచిదేనా?"

"అన్నీ కాదు. కొన్ని రక్తనాళాల్లోకి మాత్రమే ఎక్కిస్తారు. అవి తప్పిపోయి వెన్నులోకి పోతే ఫిట్సొచ్చి ప్రాణం మీదికొస్తుంది. వెన్ను కోసమే వేరేగా చేసిన రకం ఒకటుండాది. వెన్నునీళ్ళలో కలిసిపోయి, పని అయినాక మూత్రంలో పోతుంది. దాంతో తలనొప్పి రావచ్చు, వాంతులు కావచ్చు, యాడో ఒకరికి ఫిట్స్ కూడా రావచ్చు. ఆ మాట దాచను. ఏ మందూ తీర్థం కాదు. అయినా ఏమొస్తాదో, వస్తే ఏం చెయ్యాల్నో మాకు తెలుసు."

"ఇంకొకటో?"

"అది ఎమ్మారై కోసం చేతి నరంలో ఎక్కించేది. వెన్నులోకి వెయ్యమని ఎవురూ అనుమతి ఇయ్యలేదు. కొంచెం మోతాదు మించితే మెదడుకెక్కుతాది. మాట పడిపోయినోళ్ళుండారు, తెలివి తప్పినోళ్ళుండారు. ప్రాణాలు పోయినోళ్ళూ ఉండారు. ఇంక వేరే దారే లేనప్పుడు, భయపడతా భయపడతా వాడే మందు అది. మీకు దారి ఉండాది గదా, ఎందుకు వాడాల?"

యశోదమ్మ ఆమె ముఖంలోకి చూసింది. "నీకెందుకింత కోపం? నేను నీ సుట్టాన్ని కూడా కాదే."

గుల్నాజ్ అసలు సంగతి చెప్పింది. "మా తాత ఫకృద్దీన్ చిత్తూరులో దర్జీ. నడుం నొప్పని పోతే, వెన్నులోకి నూనె మందు ఎక్కించి ఫోటో తీసినారు, ఆ కాలంలో అదే వాడేవాళ్ళు. ఆ నూనె బయటికి పోలేదు, వెన్నులోనే నిలిచిపోయింది. నరాలు ఒకదానికొకటి అతుక్కుపోయినాయి. మిషన్ ముందర కూర్చోలేక, నిలబడి చేత్తో కుట్టేవాడు, సచ్చేదాకా. ఆ మందు ఎక్కించినాయన కూడా ఇదే మాట అన్నాడంట. ఎంతమందికో వేసినాను, ఏమీ కాలేదు అని."

కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడటమంటే ఇదే అనుకుంది యశోదమ్మ. నడుం నొప్పికని పోయి నడుమే పోగొట్టుకున్న ఆ దర్జీ ఆమె కళ్ళ ముందు నిలబడ్డాడు, చేతిలో సూదీ దారంతో.

ఒక్క ప్రశ్న ఆమె నోటిదాకా వచ్చింది. అడిగింది కూడా. "నాకు రొయ్యలు పడతాయనుకో. అప్పుడు ఆ పెద్దాయన ఏ మందు వేస్తాడు?"

"అప్పుడు అడ్డేముండాది? నేను చెప్పే మందే వేస్తాడు."

అంతే సంగతి. ఒక్క మాట చెబితే చాలు, తప్పు మందు తప్పిపోతుంది. చెబితే మొక్కు తప్పుతుంది. మొక్కు తప్పితే చేటు చెంగయ్యకు. ముందు నుయ్యి వెనక గొయ్యి అంటే ఎట్లా ఉంటుందో ఆమెకు ఆ సాయంత్రం తెలిసివచ్చింది. చెంగయ్య టీ తెచ్చి, ఊది ఊది చల్లార్చి ఇచ్చాడు. ఆ మనిషిని చూస్తూ చూస్తూ ఆమె నోరు మూసుకుంది. ముందు డాక్టరమ్మ మాటతోనే పోరాడి చూద్దామనుకుంది.

పొద్దున సీటీ గదిలోకి తీసుకుపోయారు. డాక్టర్ సుబ్రమణ్యం చేతులకు తొడుగులు వేసుకుని సిద్ధంగా ఉన్నాడు. గుల్నాజ్ గోడ వారగా నిలబడింది. తనకు పనిలేకపోయినా వచ్చింది. చెంగయ్య తలుపు దగ్గర ఆగిపోయాడు.

"ఎడమ పక్కకు తిరిగి పండుకోమ్మా" అన్నాడు డాక్టరు.

యశోదమ్మ బల్ల మీద కూర్చుంది, పడుకోలేదు. "సారూ, ఆ డాక్టరమ్మ చెప్పిన మందే వెయ్యండి."

"అది నీకు పడదమ్మా."

"పడకపోయేది రొయ్య గదా సారూ. మందు కాదు గదా."

ఆయన గోడ వైపు చూశాడు. గుల్నాజ్ తల దించుకోలేదు. డాక్టరు మళ్ళీ యశోదమ్మ వైపు తిరిగాడు. "ఇక్కడ డాక్టరు ఎవరమ్మా? నీకు నమ్మకం లేకపోతే ఇంటికి పో. నేను బలవంతం చెయ్యను. కాళ్ళు పడిపోయినాక మాత్రం నా దగ్గరికి రావద్దు."

చెంగయ్య తలుపు దగ్గర నుంచే చేతులు జోడించాడు. "మే యశోదా, సారు చెప్పినట్టు ఇనుమే. నీకు రొయ్య పడదని నాకు తెలీదా? సారూ, అదేమన్నా అంటే మనసులో పెట్టుకోవద్దు. మీరే దేవుడు. మీకు ఏది మంచిదనిపిస్తే అది వెయ్యండి."

యశోదమ్మకు ఒళ్ళు మండింది. మొగుడి మీద కాదు. డాక్టరు మీద కూడా అంతగా కాదు. తన మీద తనకే మండింది. ఈ మనిషి బతకాలని తాను చెప్పిన అబద్ధాన్ని, ఈ మనిషే ఇప్పుడు తన వెన్నులో గుచ్చమని చేతులు జోడించి అడుగుతున్నాడు. ఇంత అన్యాయమైన మొక్కు ఏ తల్లి అయినా కోరుతుందా? కోరితే ఆమె తల్లేనా?

"నాకు రొయ్యలు పడతాయి" అంది యశోదమ్మ.

మందు సర్దుతున్న ప్రశాంతి పని ఆపి ఇటు తిరిగింది.

"పడతాయి సారూ. సిన్నప్పుడు చట్టి చట్టి తినేదాన్ని. ఒక్క దద్దురు వచ్చి ఎరగను. నేనే మానేసినాను, మొక్కుకోని. ఆయన పడవ సముద్రంలో తప్పిపోయినప్పుడు చెంగాళమ్మకు మొక్కుకున్నాను. మొక్కు సెప్పకూడదని, పడవని సెప్తా వచ్చినాను. అంతే."

చెంగయ్య తలుపు పట్టుకుని నిలబడిపోయాడు. ఎన్ని బంతుల్లో కేకలేశాడు ఆయన! ఎన్ని గరిటెలు ఆపాడు! పెళ్ళాం ఆకులోకి రొయ్య రాకుండా ఇన్నాళ్ళు కాపలా కాసి, తన కోసమే ఆమె నోరు కట్టుకుందని తెలియని మొద్దు తానే కదా! ఆయన కళ్ళు నిండిపోయాయి. మీసం మీదికి జారిన నీళ్ళను తుడుచుకోవడం కూడా మరిచిపోయాడు.

డాక్టర్ సుబ్రమణ్యం మాత్రం తేలిగ్గా ఊపిరి తీసుకున్నాడు. ఆయనకు పరువు పోకుండా బయటపడే దారి దొరికింది. "ఆ మాట ముందే చెప్పొచ్చు గదమ్మా! గొడవే లేకపోవును. ప్రశాంతీ, ఆ రొయ్యల మాట కొట్టెయ్. అయోడిన్ మందే తీయ్, వెన్నుకు వేసేది. గుల్నాజ్, నువ్వే చెయ్యమ్మా. సంతోషమేనా?"

ప్రశాంతి మందు మార్చింది. గుల్నాజ్ సీసా అందుకుని, దాని మీద పేరు ఒకటికి రెండుసార్లు చదువుకుంది. అంతా సర్దుకున్నట్టే. ఇంకెవరైనా అయితే హమ్మయ్య అనుకుని పడుకునేవారు. ఊరందరిదీ ఒక దారి అయితే ఉలిపికట్టెది ఇంకో దారి. యశోదమ్మ పడుకోలేదు.

"ఇంకేమమ్మా?" అన్నాడు డాక్టరు.

"నా సెల్లెలు అమల ఉండాది. దానికి నిజంగానే పడవు. ఒకసారి ఊపిరాడక సచ్చి బతికింది. అదీ రొయ్యలు ఒలిచేదే, దానికీ నడుం నొప్పి ఉండాది. రేపు అది ఈ బల్ల మీదికొస్తే, ఏ మందు గుచ్చుతావు?"

ఇంతసేపూ ఆమె ఆయనను మీరు అంది. ఆ ఒక్క మాటలో నువ్వు దొర్లింది. ఆయన గమనించాడు. గదిలో అందరూ గమనించారు. ఆమె సరిదిద్దుకోలేదు.

"అది వేరే సంగతమ్మా. ఇప్పుడు నీ పని చూడు."

"నా పని అదే. నాది అబద్ధం కాబట్టి నాకు మంచి మందా? దానిది నిజం కాబట్టి దానికి ఆ పాడు మందా? ఇదేమి న్యాయం సారూ? ఆ డాక్టరమ్మ నిన్నటి నించి సెప్తాండేది నిజమా, కాదా? అది సెప్పు. నిజమైతే అమలకూ ఇదే వెయ్యాల. కాదంటే నాకూ వద్దు. నేనింటికే పోతా."

"మే!" అన్నాడు చెంగయ్య భయంగా.

"నువ్వుండయ్యా!"

ఆమె బల్ల అంచును రెండు చేతులా పట్టుకుంది. కాళ్ళు కిందికి వేలాడుతున్నాయి. ఆ కాళ్ళ మీద లేచి నాలుగడుగులు వేయడం కూడా తన వల్ల కాదని ఆమెకు తెలుసు, డాక్టరుకూ తెలుసు. అయినా ఆమె పోతానంటే పోతుందని ఎందుకో ఆయనకు అనిపించింది. పాకుతూ అయినా పోతుంది.

డాక్టర్ సుబ్రమణ్యం గుల్నాజ్ వైపు చూశాడు, ఏదో ఒకటి చెప్పి ఆమెను పడుకోబెట్టమన్నట్టు. గుల్నాజ్ కదల్లేదు. ఆమెకూ ఆ జవాబే కావాలి. ప్రశాంతి గోడ వైపు తిరిగిందిగానీ చెవులు మాత్రం ఇటే ఉన్నాయి. ఆయన తొడుగులు ఒక్కొక్కటే విప్పి పక్కన పెట్టి, స్టూలు లాక్కుని కూర్చున్నాడు. ఉన్నట్టుండి ఆయన వయసు కనిపించింది.

"మేము చదువుకునేటప్పుడు అట్లే చెప్పినారమ్మా" అన్నాడు మెల్లగా. "రొయ్యలు పడనోళ్ళకు అయోడిన్ వెయ్యొద్దని. అందరూ అట్లే చేస్తాంటే నేనూ చేస్తా వచ్చినా. అది తప్పని తర్వాత చదివినాను కూడా. చదివి పక్కన పెట్టేసినా."

"అయితే?"

"ఆ అమ్మాయి చెప్పిందే నిజం."

"అమలకు?"

"ఆమెకూ ఇదే మందు. వెన్ను కోసం చేసిందే. మనిషిని కొంచెం ఎక్కువ కనిపెట్టుకోని ఉంటాం, అంతే. రొయ్యలు పడకపోయినా ఇదే."

"ఇంకొక్కసారి సెప్పు సారూ. గట్టిగా."

"మళ్ళీ ఎందుకమ్మా?"

"ఆ తలుపు కాడ ఉండే మనిషికి ఇనపడాల. నాకు రొయ్యలు పడవని మా ఒడ్డంతా సాటింది ఆయనే. ఇది కూడా ఆయనే సాటాల."

గుల్నాజ్ పెదవి కొరుక్కుంది, నవ్వు ఆపుకోవడానికి. డాక్టర్ సుబ్రమణ్యం లేచి తలుపు వైపు తిరిగాడు. ఆయనకూ ఎక్కడో నవ్వు వచ్చినట్టే ఉంది. గొంతు సవరించుకుని, పాఠం అప్పజెప్పే పిల్లాడిలా, ప్రతి మాటా విడివిడిగా చెప్పాడు. "రొయ్యలు పడనోళ్ళకు కూడా ఈ మందు వెయ్యొచ్చు. ఆ ఇంకో మందు వెన్నులో వెయ్యకూడదు. ఇనపడిందా పెద్దాయనా?"

చెంగయ్య తల ఊపాడు. ఆయన డాక్టరును చూడటం లేదు. బల్ల మీద కూర్చున్న ఆడమనిషిని, ఇన్నేళ్ళు కాపురం చేసి ఇవాళే చూసినట్టు చూస్తున్నాడు. చివరికి నోరు తెరిచాడు. "సెప్పేసినావు గదే! ఇప్పుడు ఆ తల్లి..."

"పొయ్యి బయట కూసో. నీకేమీ కాదు" అంది యశోదమ్మ.

అప్పుడు ఎడమ పక్కకు తిరిగి పడుకుంది. మోకాళ్ళు కడుపు దగ్గరికి ముడుచుకోమంటే ముడుచుకుంది. వీపు మీద చల్లగా మందు పూశారు. గుల్నాజ్ వెనక నుంచి, "పెద్దమ్మా, ఇప్పుడు సూది గుచ్చుతాండా. కదలొద్దు" అంది.

యశోదమ్మ కదల్లేదు. కళ్ళు మూసుకుంది. సూది దిగుతున్నప్పుడు పళ్ళు బిగించి, పెదవులు మాత్రం ఆడించింది. దండం పెట్టుకుంటోందనుకుంది ప్రశాంతి. అది దండం కాదు.

"ఇనుకో చెంగాళమ్మా. మాట తప్పింది నేను. నీ కోపమేందో నా మీద సూపించుకో. ఆయన జోలికి మాత్రం పోయినావో, ఈ కాళ్ళు బాగైనాక నడిసొచ్చి నీ గుళ్ళోనే నిన్ను అడుగుతా."